లీజు అయిపోతోంది, కారు కొనేయాలా, ఇచ్చేయాలా?

లీజు ముగియడానికి రెండు మూడు నెలల ముందు ఫైనాన్స్ కంపెనీ నుంచి ఒక మెయిల్ వస్తుంది. బండి తిరిగి ఇచ్చేయండి, లేదంటే కొనుక్కోండి, లేదంటే ఇంకో కొత్త బండి లీజుకి తీసుకోండి అని అందులో ఉంటుంది. చాలామంది ఆ మెయిల్‌ని తర్వాత చూద్దాంలే అని పక్కన పెట్టేసి చివరి వారంలో హడావుడిగా డీలర్ దగ్గరికి పరిగెడతారు, అక్కడ ఎదురుగా కూర్చున్న మనిషి ఏది సులువు అంటే అదే నిర్ణయం అయిపోతుంది. దయచేసి అలా చేయకండి. ఒక సాయంత్రం కాగితం, పెన్ను తీసుకుని కూర్చుంటే తేలిపోయే లెక్క ఇది. కాకపోతే ఏ అంకెని ఏ అంకెతో పోల్చాలో తెలియాలి, ఎక్కువమంది పొరపాటు చేసేది అక్కడే.

ముందుగా లెక్కలోంచి తీసేయాల్సిన అంకె ఒకటుంది. "మూడేళ్లు నెలనెలా కట్టాను, మొదట్లో డౌన్ పేమెంట్ కూడా ఇచ్చాను, ఇంత పోసి ఇప్పుడు బండి వదిలేయడమా" అనే మాట నేను చాలాసార్లు విన్నాను. ఆ బాధ అర్థమవుతుంది కానీ ఆ డబ్బు బండి వాడుకున్నందుకు కట్టిన అద్దె. కొన్నా తిరిగి రాదు, ఇచ్చేసినా తిరిగి రాదు. కాబట్టి ఈ రోజు నుంచి ముందుకే చూడండి. కొంటే ఎంత పోతుంది, ఇచ్చేస్తే ఎంత పోతుంది, ఇచ్చేశాక ఇలాంటి బండే మళ్లీ కావాలంటే ఎంత అవుతుంది, ఈ మూడు చాలు.

కాంట్రాక్ట్ బయటికి తీయండి

సంతకం పెట్టిన రోజు తర్వాత దాన్ని ఎవరూ చూడరు, ఇప్పుడు చూడాలి. మొదట వెతకాల్సింది రెసిడ్యువల్ వాల్యూ. లీజు చివరికి ఈ బండి ఇంత చేస్తుంది అని కంపెనీ మొదటి రోజే వేసిన అంచనా అది, సాధారణంగా కొత్త బండి రేటులో ఇంత శాతం అని లెక్కగడతారు. మీరు కొనాలంటే కట్టాల్సిన ధర కూడా ఎక్కువగా అదే. అది అంచనా అని మాత్రం గుర్తుంచుకోండి. మూడేళ్ల క్రితం ఎవరో భవిష్యత్తు ఊహించి రాసిన అంకె, ఈ రోజు బజారు దాన్ని దాటి ఉండొచ్చు, దానికి చాలా కిందా ఉండొచ్చు. 2021, 2022లో చిప్‌ల కొరత వల్ల కొత్త కార్లు దొరక్క పాత కార్ల రేట్లు విపరీతంగా పెరిగినప్పుడు, అమెరికాలో లీజు ముగుస్తున్న చాలామందికి తమ బండి బయటి ధర రెసిడ్యువల్ కంటే బాగా ఎక్కువగా ఉందని తెలిసింది. ఆ తర్వాత ఎలక్ట్రిక్ కార్ల విషయంలో దానికి పూర్తిగా ఉల్టా జరిగింది, ఆ సంగతి కిందకి వస్తాను.

రెసిడ్యువల్‌తో కథ అయిపోదు. దానికి కొనుగోలు ఫీజు, పన్ను, రిజిస్ట్రేషన్, డీలర్ ద్వారా చేస్తే వాళ్ల కాగితాల ఖర్చు, ఇవన్నీ కలుస్తాయి. అందుకే ఫైనాన్స్ కంపెనీకి ఫోన్ చేసి "అన్నీ కలిపి చివరికి నేను కట్టాల్సింది ఎంత, విడివిడిగా రాసి పంపండి" అని అడగండి. నోటి మాటగా చెప్పిన అంకెని నమ్మొద్దు, మెయిల్‌లో రావాలి.

కాంట్రాక్ట్‌లో ఇంకో విషయం కూడా చూసుకోవాలి, అసలు కొనే హక్కు మీకు ఉందా అని. అన్ని లీజులూ ఒకలా ఉండవు. బ్రిటన్‌లో పర్సనల్ కాంట్రాక్ట్ హైర్ అనే పద్ధతిలో బండి తిరిగి ఇవ్వడమే, కొనే హక్కు ఒప్పందంలో ఉండదు. అక్కడే పర్సనల్ కాంట్రాక్ట్ పర్చేజ్ తీసుకుంటే చివర్లో ఒక పెద్ద మొత్తం కట్టి సొంతం చేసుకోవచ్చు. టెస్లా అయితే అమెరికాలో 2022 ఏప్రిల్ నుంచి ఇచ్చిన లీజులకి కొనే అవకాశమే తీసేసి, 2024 చివర్లో మళ్లీ తెచ్చింది. ఇంకా ఓపెన్ ఎండ్ అనే రకం లీజు ఉంది, ఎక్కువగా వ్యాపారాల కోసం వాడతారు. అందులో బండి ధర అంచనా కంటే పడిపోతే ఆ తేడా మీరే కట్టాలి. మీది ఏ రకమో తెలియకుండా కింది లెక్కలోకి దిగొద్దు.

బజారు ధర అంటే ఒకటి కాదు

మీ కారు ఎంత చేస్తుంది అన్న ప్రశ్నకి రెండు జవాబులున్నాయి. అదే మోడల్, అదే ఏడాది, దాదాపు అన్నే కిలోమీటర్లు తిరిగిన బండిని మీరు బయట డీలర్ దగ్గర కొనాలంటే ఎంత పెట్టాలి అన్నది ఒకటి. మీ బండిని వాళ్లకి అమ్మితే ఎంత ఇస్తారు అన్నది రెండోది. రెండోది ఎప్పుడూ తక్కువే ఉంటుంది, వాళ్ల లాభం ఆ మధ్యలోనే ఉంది కదా.

కారు ఉంచుకునే ఉద్దేశం ఉంటే మొదటి ధరతో పోల్చండి, ఎందుకంటే ఇచ్చేశాక మీకు ఇంకో కారు కావాలి, అది ఆ ధరకే దొరుకుతుంది. కొని వెంటనే అమ్మేద్దాం అనుకుంటే రెండో ధర చూడాలి. ఈ రెండూ కలిపేసుకుని, అమ్మకానికి పెట్టిన బండ్ల ప్రకటనల్లో ధర చూసి "అబ్బో, నాకు ఇంత లాభం" అని ఊహించుకుని తర్వాత నీరుగారిపోయేవాళ్లు ఎందరో. ప్రకటనల్లో ఉండేది అడిగే రేటు, అమ్ముడుపోయిన రేటు కాదు. ఒకే చోట చూసి ఆగకండి, కనీసం మూడు చోట్ల చూడండి, ట్రిమ్ కూడా, అంటే అదే మోడల్‌లో ఏ వేరియంట్ అన్నది కూడా, సరిగ్గా సరిపోవాలి, సన్‌రూఫ్ ఉన్న బండికీ లేని దానికీ ధర ఒకటి కాదు.

అసలు లెక్క

కొత్తప్పుడు బండి రేటు 100 అనుకుందాం. రెసిడ్యువల్ 56, ఫీజులు, పన్ను, రిజిస్ట్రేషన్ కలిపి ఇంకో 5. కొనడానికి మొత్తం 61. బయట అలాంటి బండే 54కి దొరుకుతోంది, దాని మీదా పన్నులూ గట్రా 5, మొత్తం 59. ఇక్కడ ఆగిపోతే "బయటే 2 తక్కువ, ఇచ్చేద్దాం" అనిపిస్తుంది.

కానీ ఇచ్చేయడం ఉచితం కాదు. కాంట్రాక్ట్‌లో మూడేళ్లకి 60,000 కిలోమీటర్లు అని ఉంది, మీరు 75,000 తిరిగారు అనుకోండి. అదనంగా తిరిగిన 15,000కి కిలోమీటరుకి ఇంత చొప్పున కట్టాలి, అది ఒక 4 అనుకుందాం. బండి వెనక్కి తీసుకున్నందుకు చాలా కంపెనీలు వేరే ఫీజు వసూలు చేస్తాయి, అది 1. అరిగిన టైర్లకి, తలుపు మీద సొట్టకి 2. అంటే ఇచ్చేసి బయట అలాంటిదే కొనుక్కుంటే 59కి ఈ 7 కలిపి 66. మీ బండి మీరే కొనుక్కుంటే 61తో సరిపోతుంది, ఎందుకంటే కొన్న మరుక్షణం అదనపు కిలోమీటర్ల ఛార్జీ, సొట్టల ఛార్జీ, వెనక్కి ఇచ్చే ఫీజు అన్నీ ఎగిరిపోతాయి. తప్పుడు పోలికలో 2 నష్టంగా కనిపించింది, సరైన పోలికలో 5 లాభం. ఈ రెండో వరస వేయకుండా నిర్ణయం తీసుకోకూడదు, ఇంత రాస్తున్నది ముఖ్యంగా ఈ ఒక్కదాని కోసమే.

అదే మీరు పరిమితి కంటే బాగా తక్కువ తిరిగారనుకోండి, 60,000కి 35,000 మాత్రమే. ఇచ్చేస్తే మిగిలిన కిలోమీటర్లకి మీకు ఎవరూ పైసా ఇవ్వరు, సాధారణంగా. కానీ తక్కువ తిరిగిన బండికి బజారులో ధర ఎక్కువ, రెసిడ్యువల్ మాత్రం ఆ 56 దగ్గరే ఉంటుంది. ఆ తేడా మీ చేతికి రావాలంటే కొనాలి. అంటే బాగా ఎక్కువ తిరిగినవాళ్లూ, బాగా తక్కువ తిరిగినవాళ్లూ కొనే లెక్క తప్పకుండా వేసి చూడాలి, సరిగ్గా పరిమితి దగ్గర ఉండి బండి శుభ్రంగా ఉన్నవాళ్లకి ఇచ్చేయడం వల్ల, వెనక్కి ఇచ్చే ఫీజు తప్ప, పెద్దగా పోయేదేమీ ఉండదు.

ఇన్‌స్పెక్షన్ ముందే చేయించుకోండి

చాలా కంపెనీలు లీజు ముగియకముందే ఒక మనిషిని పంపి బండి చూపించుకునే వీలు ఇస్తాయి, దానికి సాధారణంగా డబ్బు తీసుకోరు. దీన్ని వదులుకోవద్దు. పైన లెక్కలో వేసిన ఆ 2 ఊహ కాకుండా నిజం అంకె అయ్యేది ఇక్కడే.

ఆ మనిషి వచ్చి ఏం చూస్తాడో ముందే మీరూ చూసుకోవచ్చు. బండి కడిగి, ఎండ ఏటవాలుగా పడే పూట దాని చుట్టూ నెమ్మదిగా నడవండి, నిటారుగా కాకుండా కాస్త వంగి పక్క నుంచి చూస్తే సొట్టలు నీడలా కనిపిస్తాయి. గీత కనిపిస్తే గోరుతో అడ్డంగా రాయండి, గోరు తట్టుకుంటే అది పెయింట్‌లోకి దిగిన గీత, తట్టుకోకపోతే పాలిష్‌తో పోయే అవకాశం ఉంది. కొన్ని కంపెనీలు బ్యాంక్ కార్డు సైజుని కొలతగా పెట్టుకుంటాయి, కార్డు కింద దాగిపోయే గీత మామూలు అరుగుదల, కార్డు దాటి బయటికి వస్తే ఛార్జీ. అల్లాయ్ వీల్స్ అంచులు పేవ్‌మెంట్‌కి రాసుకున్న చోట్లు, విండ్‌షీల్డ్ మీద రాయి తగిలిన చుక్క, సీటు మీద మరక, ఇవి వాళ్లు తప్పకుండా రాసుకుంటారు. టైర్ల దగ్గర ఇంకా జాగ్రత్త. చాలా దేశాల్లో చట్టప్రకారం ట్రెడ్ లోతు, అంటే టైరు మీది గాడుల లోతు, 1.6 మిల్లీమీటర్లు ఉంటే చాలు, కానీ లీజు కంపెనీలు అంతకంటే ఎక్కువ అడగొచ్చు, అమెరికాలో సాధారణంగా 4/32 అంగుళం అంటే దాదాపు 3.2 మిల్లీమీటర్లు ఉండాలంటారు. రోడ్డు మీద తిరగడానికి పనికొచ్చే టైరుకి కూడా బిల్లు పడొచ్చన్న మాట. రెండో తాళం పోయి ఉంటే దానికీ పడుతుంది, ఇప్పుడే ఇల్లంతా వెతికి పెట్టుకోండి.

రిపోర్ట్ వచ్చాక చిన్న సొట్టలు బయట తీయించుకోవడం కంపెనీ బిల్లు కంటే చవకే అవుతుంది తరచుగా. కానీ బండి కొనేద్దామని తేలితే వాళ్ల కోసం ఏ రిపేరూ చేయించకండి, అది మీ బండి, మీకు నచ్చినప్పుడు చేయించుకుంటారు.

యాక్సిడెంట్ అయిన బండి సంగతి వేరు. పెద్ద దెబ్బ తగిలి బాగుచేయించిన కారుకి, ఎంత నీట్‌గా చేసినా, రికార్డు వల్ల బజారులో ధర తగ్గుతుంది. రెసిడ్యువల్ మాత్రం తగ్గదు. కాంట్రాక్ట్‌లో చెప్పినట్టు సరిగ్గా రిపేర్ చేయించి ఉంటే, బండి ఇచ్చేస్తే ఆ తగ్గుదల కంపెనీ నెత్తిన పడుతుంది, మీరు కొంటే మీ నెత్తిన పడుతుంది. అలాంటి బండిని నేనైతే ఎవరికీ కొనమని చెప్పను, ధర ఎంతో తగ్గించి ఇస్తే తప్ప.

బండి ముందు ముందు ఏం అడుగుతుంది

ఇన్నాళ్లూ మీరు నడిపిన బండినే కొనడంలో ఉన్న గొప్ప సుఖం ఏంటంటే దాని చరిత్ర మీకు పూర్తిగా తెలుసు. ఆయిల్ ఎప్పుడు మార్చారు, ఎవరు నడిపారు, ఏ శబ్దం ఎప్పటి నుంచి వస్తోంది, అన్నీ. బయట కొనే పాత బండికి ఈ భరోసా ఎంత ఇచ్చినా రాదు, దీనికి నేను నిజంగా విలువ కడతాను. అయితే అదే జ్ఞానం ఉల్టాగా కూడా పనిచేయాలి. గేర్‌బాక్స్ అప్పుడప్పుడు కొట్టుకుంటోంది, ఏసీ రెండుసార్లు రిపేర్‌కి వెళ్లింది అంటే, అలవాటైన బండి కదా అన్న ప్రేమతో కళ్లు మూసుకోవద్దు.

వారంటీ తేదీ చూడండి. లీజు మూడేళ్లు, కంపెనీ వారంటీ కూడా చాలా చోట్ల మూడేళ్లే, రెండూ ఒకేసారి అయిపోవడం మామూలే. ఇప్పటిదాకా ఏదైనా పాడైతే వాళ్లే చూసుకున్నారు, ఇకపై ప్రతి రిపేరూ మీ జేబులోంచే. వారంటీ ఇంకా ఉండగానే ఒక నమ్మకమైన మెకానిక్‌కి బండి చూపించి, దొరికిన లోపాలన్నీ ఉచితంగా చేయించేసుకోండి. తర్వాత ఓనర్ మాన్యువల్‌లో సర్వీస్ పట్టిక తెరిచి రాబోయే రెండేళ్లలో ఏం వస్తాయో రాసుకోండి, టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ, ఆయిళ్లు. ఆ మొత్తాన్ని కొనే ధరకి కలపండి. బయట కొనే పాత బండికీ ఈ ఖర్చులు ఉంటాయి కాబట్టి ఇది ముఖ్యంగా కొత్త బండితో పోల్చేటప్పుడు పనికొస్తుంది.

ఎలక్ట్రిక్ కారు అయితే ఇంకాస్త గట్టిగా ఆలోచించాలి. 2023లో టెస్లా కొత్త బండ్ల రేట్లు తగ్గించడంతో పాత ఎలక్ట్రిక్ కార్ల ధరలు కూడా కిందికి వచ్చేశాయి, రెసిడ్యువల్ మాత్రం పాత రోజుల్లో రాసినదే. అలా తేడా బాగా ఉంటే ఇచ్చేయడమే మేలు, బయట అదే బండి తక్కువకి దొరుకుతుంది. ఉంచుకోవాలనే ఉంటే బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో సర్వీస్ సెంటర్‌లో పరీక్ష చేయించండి. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది, వారంటీ ఇస్తాయి, కాబట్టి మూడేళ్ల బండికి దిగులు అక్కర్లేదు, కానీ మీరు ఇంకా ఎన్నేళ్లు ఉంచుకుంటారన్నది లెక్కలోకి రావాలి.

లోన్ దగ్గర మోసపోవద్దు

ఉన్న డబ్బుతో కొనగలిగితే సరే. లేదంటే పాత కారు లోన్ వస్తుంది, దీని వడ్డీ కొత్త కారు వడ్డీ కంటే సాధారణంగా ఎక్కువ. డీలర్ దగ్గరే ఆగిపోకుండా మీ బ్యాంక్‌లో, ఇంకో రెండు చోట్ల ముందే అడిగి పెట్టుకోండి. కౌంటర్ దగ్గర "ఇప్పుడు నెలకి ఎంత కడుతున్నారు, అంతకే సెట్ చేస్తాం" అంటారు, అది వినడానికి హాయిగా ఉంటుంది, కానీ కాలం పెంచేస్తే ఏ మొత్తమైనా ఆ ఇన్‌స్టాల్‌మెంట్‌లో ఇమిడిపోతుంది. మూడేళ్ల బండికి ఆరేళ్ల లోన్ పెడితే లోన్ తీరేసరికి బండికి తొమ్మిదేళ్లు. నాలుగేళ్లలోపు తీర్చలేని లోన్ అయితే ఆ బండి మీ స్థాయికి ఎక్కువైనట్టే అని నా అభిప్రాయం.

బేరం విషయానికి వస్తే, రెసిడ్యువల్ కాంట్రాక్ట్‌లో రాసి ఉన్నది కాబట్టి చాలాసార్లు కదలదు. అయినా బజారు ధర బాగా కింద ఉంటే ఫైనాన్స్ కంపెనీకి ఫోన్ చేసి తగ్గిస్తారా అని ఒకసారి అడగండి, అడగడానికి పోయేదేం లేదు, వాళ్లకీ బండి తీసుకెళ్లి వేలంలో అమ్ముకోవడం ఖర్చే. బండి అసలు యజమాని ఫైనాన్స్ కంపెనీ, డీలర్ కాదు. నేరుగా వాళ్ల దగ్గరే కొనే వీలుంటే అలాగే చేయండి. డీలర్ ద్వారానే చేయాలని నియమం ఉంటే, కాంట్రాక్ట్‌లో లేని తనిఖీ ఫీజు, పెయింట్ కోటింగ్, అడగని ఎక్స్‌టెండెడ్ వారంటీ లాంటివి బిల్లులో కనిపిస్తే ఒక్కొక్కటి వేలు పెట్టి చూపించి తీయించండి.

బండి మీకు అక్కర్లేదు కానీ బయటి ధర రెసిడ్యువల్ కంటే ఎక్కువ ఉందా? అయితే ఊరికే తాళాలు ఇచ్చేసి రాకండి, ఆ తేడా మీది. కొని అమ్మొచ్చు, కాకపోతే మధ్యలో పన్ను, రిజిస్ట్రేషన్ పోను ఏమైనా మిగులుతుందా చూసుకోవాలి. నేరుగా ఇంకో డీలర్‌కి అమ్మేద్దామంటే అమెరికాలో 2021 నుంచి చాలా ఫైనాన్స్ కంపెనీలు బయటి డీలర్లకి అమ్మడాన్ని ఆపేశాయి, లేదా వాళ్లకి వేరే ధర చెప్పాయి, కాబట్టి మీకు ఎంత, డీలర్‌కి ఎంత అని రెండు అంకెలూ అడగండి. అదే బ్రాండ్‌లో ఇంకో కారు తీసుకుంటున్నట్టయితే ఆ తేడాని కొత్త దాంట్లో తగ్గించమని అడగండి, అడగకపోతే ఎవరూ వాళ్లంతట వాళ్లు గుర్తుచేయరు. "కొత్తది తీసుకుంటే అదనపు కిలోమీటర్లు మేం చూసుకుంటాం" అనే మాట వస్తే ఆ మొత్తం కొత్త లీజులో ఎక్కడ కలిపారో కాగితం మీద చూపించమనండి.

ఇంకా తేల్చుకోలేకపోతే కొన్ని కంపెనీలు లీజుని నెలనెలా పొడిగిస్తాయి, అడగండి. గడువు ముగియకముందే కొనేయడం మాత్రం చాలాసార్లు కలిసి రాదు, మిగిలిన నెలల వాయిదాలూ ఆ ధరలో కలిపేస్తారు.

చివరి వారం పనులు

కొంటున్నట్టయితే, వాళ్లు ఇచ్చిన కొటేషన్ ఎన్ని రోజులు చెల్లుతుందో చూసి ఆ లోపే డబ్బు కట్టండి, ఓడోమీటర్ రీడింగ్ కాగితం మీద సంతకం చేయండి, లీజు ఆటో డెబిట్ ఆగిందో లేదో బ్యాంక్‌లో చూసుకోండి, మొదట్లో కట్టిన సెక్యూరిటీ డిపాజిట్ ఉంటే వెనక్కి అడగండి. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి పాలసీలో ఫైనాన్స్ కంపెనీ పేరు తీయించి, లోన్ ఉంటే కొత్త బ్యాంక్ పేరు పెట్టించాలి. లీజులో భాగంగా ఉన్న గ్యాప్ కవర్ (బండి పూర్తిగా పోతే ఇన్సూరెన్స్ ఇచ్చేదానికీ మీ బాకీకీ మధ్య తేడా కట్టేది) లీజుతోనే పోతుంది, లోన్ పెద్దదైతే మళ్లీ విడిగా తీసుకోవాలేమో ఆలోచించండి.

ఇచ్చేస్తున్నట్టయితే, బండి అప్పగించే చోటే నాలుగు వైపులా, లోపల, టైర్లు, ఓడోమీటర్ ఫొటోలు తీయండి, తేదీ, కిలోమీటర్లు రాసి సంతకం చేసిన రసీదు లేకుండా అక్కడి నుంచి కదలకండి. రెండు తాళాలు, మాన్యువల్, ఛార్జింగ్ కేబుల్ ఉంటే అదీ అప్పగించండి. బండి స్క్రీన్‌లో మీ ఫోన్ కాంటాక్టులు, ఇంటి అడ్రస్ చెరిపేసి, మొబైల్ యాప్‌లోంచి కారుని తీసేయండి, టోల్ స్టిక్కర్ పీకేయండి. చివరి బిల్లు కొన్ని వారాల తర్వాత రావచ్చు, అది వచ్చి తేలేదాకా ఆ ఫొటోలు డిలీట్ చేయకండి.